బాలాపూర్ రోహింగ్యా అబ్బాయికి పని ఎలా చూపించాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గరే, మా షాపు దగ్గర అట్టపెట్టెలు ఏరుకోవడానికి ఒక రోహింగ్యా (మయన్మార్ నుంచి వచ్చిన శరణార్థుల) అబ్బాయి వస్తాడు, 16 ఏళ్లుంటాయి, హిందీ బానే మాట్లాడతాడు, తెలుగు ఇప్పుడిప్పుడే వస్తోంది. మొన్న పాడైన ఫ్యాన్ పక్కన పడేస్తే అక్కడే కూర్చుని విప్పేసి కెపాసిటర్ పోయిందన్నా అని చూపించాడు. వాడికీ వాళ్లన్నకీ ఏదైనా దారి చూపించాలనుంది, ఆధార్ లేదని ఎవరూ పెట్టుకోవట్లేదు. ఏం చేయొచ్చు?

జవాబు 1: 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదండీ, యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) ఇచ్చే కార్డున్నా అది వర్క్ పర్మిట్ కాదు, అందుకే చాలామంది చెత్త ఏరడం, అడ్డా కూలీ. ముందు ఆ కార్డు డేట్ అయిపోయిందేమో చూడండి.

జవాబు 2: 16 ఏళ్లే కదా, ముందు బడి సంగతి చూడు భయ్యా. రోహింగ్యా పిల్లలు గవర్నమెంట్ స్కూల్లో అడ్మిషన్ అడగొచ్చు, ఇవ్వకపోతే హైకోర్టుకి పోవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సాయంత్రాలు తెలిసిన మోటార్ వైండింగ్ షాపులో కూర్చోబెట్టు, చెయ్యి తిరిగినోడు లాగున్నాడు.

జవాబు 3: వాళ్లన్న గురించి ఒక మాట. ఆధార్ లేక బ్యాంక్ అకౌంట్ కష్టం, డబ్బులు చేతికే, అందుకే ఎగ్గొడతారు. మా గల్లీలో ఒకతను 20 రోజులు సెంట్రింగ్ పని చేస్తే మేస్త్రీ సగమే ఇచ్చాడు, ఎవరికి చెప్పుకుంటాడు పాపం. ఏ రోజు కూలీ ఆ రోజే ఇప్పించండి, హాజరు నోట్‌బుక్కులో రాయించండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్యూ అన్నా. వైండింగ్ షాపాయన్ని ఇవాళే అడుగుతా, రేపు వాడొస్తే కార్డు తెమ్మంటా.