ప్రొబేషనర్, అప్రూవ్డ్ ప్రొబేషనర్ ఒకటేనా? ఫారంలో ఏది టిక్ పెట్టాలి?

కొత్త_జూనియర్_అసిస్టెంట్:
నమస్కారం. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి రెండేళ్ల రెండు నెలలు. మధ్యలో 180 రోజులు ప్రసూతి సెలవు. వివరాల ఫారంలో ప్రొబేషనర్, అప్రూవ్డ్ ప్రొబేషనర్, ఫుల్ మెంబర్ అని మూడు గడులున్నాయి. రెండేళ్లు దాటాయి కదా, అప్రూవ్డ్ అని పెట్టొచ్చా? తెలుగులో రాయాల్సివస్తే ఏ మాట వాడాలి?

సర్వీసు_రిజిస్టర్:
ప్రొబేషనర్ అనే పెట్టండమ్మా. ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్, 1996 ప్రకారం (తెలంగాణలోనూ ఇవే మూలం) నేరుగా ఎంపికైనవారికి ప్రొబేషన్ (పనితీరు చూసే పరిశీలన కాలం) మూడేళ్ల నిరంతర కాలంలో రెండేళ్లు "ఆన్ డ్యూటీ". ప్రమోషన్ మీద వచ్చినవారికైతే రెండేళ్లలో ఒక ఏడాది. అందరూ పొరపడేది ఆ "ఆన్ డ్యూటీ" దగ్గరే. క్యాలెండర్ రెండేళ్లు గడిస్తే సరిపోదు.

మీ లెక్క చూడండి. 26 నెలల్లోంచి సుమారు 6 నెలల సెలవు తీసేస్తే డ్యూటీ 20 నెలలే. ఇంకో 4 నెలలు కావాలి. అంటే చేరిన రెండున్నరేళ్లకు పూర్తవుతుంది. మూడేళ్ల గడువు లోపలే కాబట్టి భయం లేదు. దీనికి తోడు ఇంకో ఆరు నెలలకు మించి జీతం లేని సెలవు పెడితే మాత్రం గడువు దాటి, పొడిగింపు ఉత్తర్వు కావాల్సివస్తుంది.

కొత్త_జూనియర్_అసిస్టెంట్:
అయితే క్యాజువల్ లీవులూ తీసేస్తారా?

సర్వీసు_రిజిస్టర్:
తీయరు. క్యాజువల్ లీవు, ప్రభుత్వ సెలవు దినాలు, టీచర్లకైతే వేసవి సెలవులు, బదిలీ మీద జాయినింగ్ టైం, ప్రభుత్వం పంపిన శిక్షణ, ఇవన్నీ డ్యూటీ కిందికే వస్తాయి. ఎర్న్‌డ్ లీవు, హాఫ్ పే లీవు, ప్రసూతి సెలవు, జీతం లేని సెలవు తీసేస్తారు.

ఎస్టాబ్లిష్‌మెంట్_సెక్షన్:
రోజులు పూర్తయినా ఉత్తర్వు దానంతటదే రాదు. నియామకాధికారి సంతృప్తికరంగా పూర్తయిందని ప్రకటించాలి. ప్రకటించాక మీరు అప్రూవ్డ్ ప్రొబేషనర్. కేడర్‌లోని శాశ్వత పోస్టులో సబ్‌స్టాంటివ్‌గా, అంటే స్థిరంగా, నియమించినప్పుడే ఫుల్ మెంబర్. ఆఫీసుల్లో "ప్రొబేషన్ అయిపోయింది" అనే మాటను ఈ రెంటికీ కలిపి వాడేస్తారు, అది తప్పు.

ఫైల్ ఎక్కడ ఆగుతుందంటే: మీ పోస్టుకు నిర్దేశించిన శాఖాపరమైన పరీక్షలు పాస్ కాకపోవడం, లేదా పాసైనా ఆ ఫలితం సర్వీసు రిజిస్టర్‌లో (మీ ఉద్యోగ వివరాలన్నీ నమోదయ్యే పుస్తకంలో) ఎక్కకపోవడం, చదువు సర్టిఫికెట్ల నిజనిర్ధారణ లేఖ బోర్డు నుంచో విశ్వవిద్యాలయం నుంచో రాకపోవడం, పోలీసు వెరిఫికేషన్ పెండింగ్, సెలవుల ఎంట్రీలు లేకపోవడం, శాఖాపరమైన విచారణ ఉండటం. పనితీరు, నడవడిక మీద పై అధికారి నివేదిక కూడా జతచేయాలి. గడువుకు మూడు నెలల ముందే మీ రిజిస్టర్ తీయించి ప్రతి ఎంట్రీ చూసుకోండి, సంతకం లేని ఎంట్రీ ఉంటే అప్పుడే చేయించండి. తర్వాత పాత అధికారి బదిలీ అయిపోతే ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం.

గడి తప్పు పెడితే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోకండి. ప్రొబేషన్ పూర్తికానివారు పై పోస్టు ప్రమోషన్‌కు అర్హులు కారు. పనికి తగరన్న కారణంతో ప్రొబేషనర్‌ను ఆరోపణలేవీ లేని మామూలు ఉత్తర్వుతో తొలగించొచ్చు. కానీ ఆ ఉత్తర్వు తప్పుడు ప్రవర్తన అంటూ మచ్చ వేస్తే, రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం విచారణ జరపాల్సిందే. శంషేర్ సింగ్ కేసులో 1974లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

పదాల_పెట్టె:
తెలుగు మాట సంగతి. ఉత్తర్వుల్లో, సంతకం పెట్టే కాగితాల్లో "ప్రొబేషనర్" అనే రాయండి, నిబంధనలో నిర్వచనం ఉన్నది ఆ మాటకే. లేఖలో వివరంగా రాయాలంటే "పరిశీలన కాలంలో ఉన్న ఉద్యోగి" చక్కగా అర్థమవుతుంది. హిందీలో "పరివీక్షాధీన్" అంటారు, తెలుగులో అది పెడితే చదివేవాళ్లు ఆగిపోతారు. "శిక్షణలో ఉన్న ఉద్యోగి" అని మాత్రం రాయొద్దు. శిక్షణ ప్రొబేషన్‌లో ఒక భాగమే. ముస్సోరీ, హైదరాబాద్ అకాడమీల్లోని ఐఏఎస్, ఐపీఎస్ ప్రొబేషనర్లను పత్రికలు ట్రైనీలనడం వల్ల ఈ గందరగోళం పెరిగింది.

అప్రెంటిస్ అసలు ఉద్యోగే కాదు. 1961 చట్టం కింద స్టైపెండ్ మీద పని నేర్చుకునే వ్యక్తి. బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)లోని "ప్రొబేషనరీ" మాత్రం మీ మాటే. ఇక కోర్టు భాషలో ప్రొబేషన్ పూర్తిగా వేరు: 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద, దోషిగా తేలిన వ్యక్తిని వెంటనే శిక్షించకుండా, 3 ఏళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టడం. అక్కడ ప్రొబేషన్ ఆఫీసర్ అంటే పర్యవేక్షించే అధికారి. ఒక్క అక్షరం తేడాతో "ప్రొబేషన్ ఆఫీసర్"ను, "ప్రొబేషనరీ ఆఫీసర్"ను కలిపేయకండి.