కంప్యూటర్ కొనడానికి సలహా అడిగేవారు వివరాలన్నీ ముందే చెప్పాలా?

రాజాం మాస్టారు:
మొన్న మన ఆన్‌లైన్ గ్రూపులో ఒక తండ్రి "మా అమ్మాయి ఇంజనీరింగులో చేరింది, అసెంబుల్ చేయించడానికి (విడిభాగాలు కొని బిగించడానికి) మంచి కంప్యూటర్ చెప్పండి" అని ఒక్క వాక్యం రాశారు. బడ్జెట్ చెప్పకుండా అడిగితే ఎలా అని ముగ్గురు విరుచుకుపడ్డారు. ఆయన ఆ వాక్యం చెరిపేసి వెళ్లిపోయారు. అలా గదమాయించడం తప్పే. కానీ అసలు విషయంలో నేను ఆ ముగ్గురి పక్షమే. ఎంత డబ్బు పెట్టగలరో, ఏం పని చేసుకుంటారో, ఇంట్లో ఇప్పటికే ఏమేం ఉన్నాయో రాయకుండా సలహా అడగకూడదు. 2025 చివర్లో ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ధరలు ఎలా పెరిగాయో చూశాం కదా. ఒక విడిభాగాల జాబితా రాయాలంటే ఆ రోజు ధరలు వెతకాలి. భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డుకు ఏ ర్యామ్ సరిపోతుందో చూడాలి. డీడీఆర్4 రకం ర్యామ్ గాడిలో డీడీఆర్5 రకం దిగదు. రాత్రి భోజనమయ్యాక గంటసేపు కూర్చుని రాసిన జాబితాకు "అంత పెట్టలేమండీ" అని జవాబు వస్తే ఎంత నీరసం వస్తుందో రాసేవారికే తెలుసు.

బొబ్బిలి నుంచి:
మాస్టారూ, పొందూరు ఖద్దరు తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్తే కొలతలు తీసుకునేది దర్జీయే. తెలియనివాళ్లకు ఏం చెప్పాలో కూడా తెలియదు. పైగా మొహమాటం ఒకటి. తక్కువ చెబితే చిన్నచూపు చూస్తారని, ఎక్కువ చెబితే ఉన్నదంతా ఖర్చు పెట్టిస్తారని భయం. కూతురి చదువుకని దాచిన డబ్బును పదిమంది ముందు అంకెల్లో రాయడం అందరికీ తేలిక కాదు. "ఎంతలో చూస్తున్నారండీ?" అని అడగడానికి మనకు ఒక్క నిమిషం చాలు.

రాజాం మాస్టారు:
దర్జీకి కూలి ముడుతుందమ్మా. మనిషి ఎదురుగా ఉంటాడు కూడా. ఇక్కడ ఒక్కో ప్రశ్నకు జవాబు రావడానికి రెండేసి రోజులు పడుతోంది.

నరసన్నపేట కుర్రాడు:
నా అనుభవం వినండి. 2023లో "ఏ ప్రాసెసర్ మంచిది?" అని అడిగాను. రైజెన్ 5 5600 అనే ప్రాసెసర్ తీసుకోమన్నారు. విశాఖపట్నం వెళ్లి అన్నీ కొని, మదర్‌బోర్డు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. మానిటర్‌కు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు మాత్రం డబ్బులు కూడాక కొందామనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం అన్నీ బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, బోర్డు మీద దీపం వెలిగింది, మానిటర్ మీద మాత్రం "సిగ్నల్ లేదు" అని వచ్చి నల్లబడిపోయింది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను. కేబుల్ మార్చాను. అమ్మ రెండుసార్లు వచ్చి అన్నానికి పిలిచింది, లేవలేదు. అర్ధరాత్రి ఇక్కడే మళ్లీ అడిగితే ఒక అన్నయ్య "గ్రాఫిక్స్ కార్డు పెట్టావా తమ్ముడూ?" అన్నారు. 5600 ప్రాసెసర్‌లో బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగం ఉండదు, 5600జి లో ఉంటుంది. బోర్డు వెనక మానిటర్ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. ఒక్క అక్షరం తేడా! పెట్టె విప్పేశాక దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోలేదు.

చెప్పకపోవడం నా తప్పే. కానీ అర్ధరాత్రి ఆ అన్నయ్య అడిగిన ప్రశ్నే మొదటిరోజు ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది!

సోంపేట నుంచి:
మాస్టారి మూడింటికి నాలుగోది కలపాలి. ఊరు కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మామూలు రోజుల్లో కూడా గాలివాన వస్తే మాకు కరెంటు పోయి పోయి వస్తుంది. నగరంలో ఉండి సలహా ఇచ్చేవారికి యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె) గుర్తుకు రాదు. క్యాబినెట్‌తో (కంప్యూటర్ డబ్బాతో) ఉచితంగా వచ్చే నాసిరకం ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలకు కరెంటు అందించే పెట్టె, మాకు అసలే వద్దు. దానిమీద మిగుల్చుకున్న డబ్బు మదర్‌బోర్డు పోతే ఏ మూలకూ చాలదు.

బొబ్బిలి నుంచి:
ఆ తండ్రికి విడిగా రాసి అడిగాను. వారు అనుమతిస్తేనే ఇక్కడ పెడుతున్నాను. అమ్మాయి చదివేది సివిల్, నక్షలు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ నేర్చుకోవాలి. 55 వేలు దాటకూడదు. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఇంట్లో పాత మానిటర్ పనిచేస్తోంది. ఇవన్నీ చెప్పడానికి ఆయనకు పది నిమిషాలు పట్టలేదు, మాస్టారూ.

రాజాం మాస్టారు:
సంతోషం. అడిగేవారే ముందు చెప్పాలన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను. ఆ జాబితా మాత్రం ఈ రాత్రికి నేనే రాస్తాను. బిల్లు రాయించే ముందు ఒకసారి ఇక్కడ చూపించమని ఆయనతో చెప్పమ్మా.

నరసన్నపేట కుర్రాడు:
రాసే ముందు ఒక్క మాట, మాస్టారూ. ఆ పాత మానిటర్ వెనక భాగం ఫోటో పెట్టమనండి. పాతకాలం కేబుల్ పెట్టే వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటే, కొత్త బోర్డుకు ఆ పోర్టు ఉందో లేదో కూడా చూడాలి.