రైటింగ్ క్లాసుకు ఉచిత ఓపెన్ పుస్తకాలు సరిపోతాయా?

టెక్సస్_టీచర్: ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది కంపోజిషన్ (వ్యాసరచన) చెబుతాను. వచ్చే సెమిస్టర్ నుంచి కొనే పుస్తకం తీసేయాలనుకుంటున్నా. బదులుగా రైస్ యూనివర్సిటీ ఓపెన్‌స్టాక్స్ (ఉచితంగా చదివి, మార్చుకునే వీలున్న ఓపెన్ పుస్తకాలు వేసే సంస్థ) వాళ్ల రైటింగ్ గైడ్, సైటేషన్లకు (మూలాలు పేర్కొనే పద్ధతికి) పర్‌డ్యూ రైటింగ్ ల్యాబ్ సైటు, డ్రాఫ్టులకు గూగుల్ డాక్స్. డిపార్ట్‌మెంటులో కొందరు నాణ్యత పోతుందంటున్నారు. మీరేమంటారు?

ఫ్రిస్కో_నాన్న: వద్దండి. మా అమ్మాయి క్లాసులో అన్నీ ఉచితమే, సెమిస్టరంతా లింకులే. వ్యాసాల మీద టీచరు ఒక్క వాక్యం రాయలేదు, సాఫ్ట్‌వేర్ స్కోరు తప్ప. పోనీ కాలేజీ ఫీజు తగ్గించిందా?

కాగితం_మనిషి: స్క్రీన్ మీద చదివితే బుర్రకెక్కదు. నా ఓటు అచ్చు పుస్తకానికే.

టెక్సస్_టీచర్: పీడీఎఫ్ ప్రింటు తీసుకోవచ్చండి, ఎవరూ అడ్డుపడరు. ఫ్రిస్కో గారూ, ఇప్పుడు చాలా పుస్తకాలతో యాక్సెస్ కోడ్ (ఆన్‌లైన్ పాఠాలు, అభ్యాసాలు తెరిచే కోడ్) అంటగడతారు. సెమిస్టర్ అయ్యాక అది పనిచేయదు, వేరేవాళ్లకు అమ్ముకోవడానికీ లేదు. ఫైనాన్షియల్ ఎయిడ్ డబ్బు పడేదాకా పుస్తకం కొనలేని పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. ఈలోపు మొదటి వ్యాసం గడువు వచ్చేస్తుంది. ఓపెన్ పుస్తకమైతే మొదటి రోజే ఫోన్‌లో ఉంటుంది.

కాగితం_మనిషి: ప్రింటు ఖర్చు మళ్లీ పిల్లల మీదే కదా?

ఎమ్మెస్_విద్యార్థి: పుస్తకం కంటే టూల్స్‌తోనే నాకు భయం. నేను సొంతంగా రాసిన వ్యాసాన్ని ఏఐ రాసిందని డిటెక్టర్ చెప్పింది. ఎంత టెన్షన్ పడ్డానో! 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఏఐవేనని అలాంటి డిటెక్టర్లు తప్పుగా చెప్పాయి.

ఫ్రిస్కో_నాన్న: చూశారా! చదివే మనిషి లేకపోతే జరిగేది ఇదే. మీరు పుస్తకం ధర దగ్గరే ఆగిపోయారు మేడమ్.

టెక్సస్_టీచర్: నేను చదవనని మీకెవరు చెప్పారు? నేను అడ్జంక్ట్‌ని, అంటే పర్మనెంట్ కాని టీచర్‌ని, క్లాసుకింత అని ఇస్తారు. రైటింగ్ క్లాసులో 20 మందికి మించకూడదని మా అధ్యాపకుల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. నా సెక్షన్‌లో అంతకంటే ఎక్కువ మందే. అయినా రాత్రుళ్లు కూర్చుని కామెంట్లు రాస్తున్నా. ఓపెన్ పుస్తకంలో అధ్యాయాలు మార్చుకోవడానికి లైసెన్సు ఉంది కాబట్టి, మా పిల్లలకు తగ్గట్టు వేసవంతా సర్దుతున్నా. దానికి పైసా రాదు.

ఫ్రిస్కో_నాన్న: నేననేదీ అదే! కొన్న పుస్తకంలో అభ్యాసాలు, స్లైడ్లు సిద్ధంగా వస్తాయి. ఆ పని మిగిలితే మీరు ఇంకో డ్రాఫ్టు చదవగలరు. కాలేజీ ఉచితం అని చెప్పుకుంటోంది, ఆ భారమంతా మీ నెత్తిన పడింది.

టెక్సస్_టీచర్: అంటే నా టైము మిగలడానికి పిల్లలు డబ్బు కట్టాలా? పని చేయించుకునే కాలేజీ కట్టాలి. గొడవంటూ పడితే సెక్షన్ సైజు తగ్గించమని, ఈ పనికి జీతం ఇవ్వమని డీన్‌తో పడదాం.

ఫ్రిస్కో_నాన్న: డీన్ ఒప్పుకునేలోపు మా పిల్ల చదువు అయిపోతుంది. నేను పుస్తకానికి డబ్బు కట్టడానికి సిద్ధం.

టెక్సస్_టీచర్: మీరు కట్టగలరు. నా క్లాసులో సగంమంది కట్టలేరు. నేను వాళ్ల కోసమే మారుస్తున్నా.

ఎమ్మెస్_విద్యార్థి: మేడమ్, ఏది పెట్టినా డ్రాఫ్టులు మాత్రం డాక్స్‌లోనే రాయించండి. అందులో పాత వెర్షన్లు ఉంటాయి. నా మీద అనుమానం వచ్చినరోజు చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.