ఎస్‌బీఏ లోన్‌తో ఫ్రాంచైజీ: చేతిలో ఎంత ఉండాలి?

ప్రశ్న (డాలస్ నుంచి): శాండ్‌విచ్ ఫ్రాంచైజీ, మొత్తం ఖర్చు 4,00,000 డాలర్లు. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్యారంటీతో బ్యాంకు ఇచ్చే 7(ఎ) లోన్‌కి సొంత డబ్బు ఎంత చూపించాలి? హెచ్‌1బీలో ఉన్న మా బావమరిదికి 15 శాతం వాటా ఇవ్వొచ్చా?

జవాబు 1: వాటా సంగతి మర్చిపోండి, ఇప్పటి నిబంధనల్లో కుదరదు. కొత్త షాపుకి సొంత డబ్బు కనీసం 10 శాతం, అంటే 40,000. చాలా బ్యాంకులు అంతకంటే ఎక్కువే అడుగుతాయి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో స్టేట్‌మెంట్లలో కనపడాలి. చేబదులు తెచ్చి ముందురోజు అకౌంట్లో వేస్తే అండర్‌రైటర్ (లోన్ ఫైలు పరిశీలించే బ్యాంకు మనిషి) ఇట్టే పట్టేస్తాడు.

జవాబు 2: ఆ 4,00,000 ఎఫ్‌డీడీ (ఫ్రాంచైజీ కంపెనీ ముందుగా ఇచ్చే వివరాల పత్రం)లోని ఐటెమ్ 7 (మొదటి పెట్టుబడి అంచనా) నుంచి తీసుకున్నారా? అందులో చివరి వరస 'అడిషనల్ ఫండ్స్' చూడండి. సాధారణంగా అది మొదటి మూడు నెలల ఖర్చులకే. పర్మిట్ ఆలస్యమైతే షాపు తెరవకముందే అద్దె మొదలవుతుంది, ఆ డబ్బు అక్కడే కరిగిపోతుంది. కాబట్టి వర్కింగ్ క్యాపిటల్‌కి (షాపు నడిపే రోజువారీ ఖర్చులకి) ఈ లోన్‌లోనే ఎక్కువ అడగండి. తర్వాత ఇంకో లోన్ పుట్టడం కష్టం. ఐటెమ్ 20లో మూతపడ్డ షాపుల లెక్క కూడా చూడండి. ఎఫ్‌డీడీ చేతికొచ్చాక 14 రోజులు గడవందే సంతకం పెట్టించుకోకూడదు, తొందరపెడితే అనుమానించండి.

జవాబు 3: లోన్ పదేళ్లకి, లీజు ఐదేళ్లకి ఉంటే ఫైలు ఆగుతుంది. రెన్యూవల్ ఆప్షన్‌తో కలిపి పదేళ్లు వచ్చేలా రాయించుకోండి. 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతివాళ్లూ పర్సనల్ గ్యారంటీ ఇవ్వాలి. షాపు మునిగితే ఎస్‌బీఏ తను గ్యారంటీ ఇచ్చిన 75 శాతం బ్యాంకుకి కడుతుంది, వసూలుకి మాత్రం మీ మీదికే వస్తారు.