నీట్‌లో బయాలజీ ఎక్కువ, ఫిజిక్స్ బాగా తక్కువ. సీటుకు దెబ్బ పడుతుందా?

కరీంనగర్_అమ్మ
మా పాపకు 2025 నీట్‌లో బయాలజీ 290, కెమిస్ట్రీ 70, ఫిజిక్స్ 20 వచ్చాయి. మొత్తం 380. కన్వీనర్ కోటాలో సీటు రాక లాంగ్ టర్మ్‌లో చేర్పించాం. గ్రాండ్ టెస్టుల్లోనూ ఇప్పుడు అదే వరస. బయాలజీలో అందరికంటే ముందుంటుంది, ఫిజిక్స్ అనేసరికి దాని చేతులు చల్లబడిపోతాయి. ప్రతి సబ్జెక్టుకూ కటాఫ్ ఉంటుందని, ఒకదాంట్లో పోతే మొత్తం పోయినట్టేనని మా మరిది అంటున్నాడు. నిజమేనా? కౌన్సెలింగ్‌లో సబ్జెక్టు మార్కులు చూస్తారా? ఇంకో సంగతి, హాస్టల్ తిండి పడక పిల్ల సగమైపోయింది. ఇంటికి తెచ్చేసుకుని ఆన్‌లైన్ క్లాసులు పెట్టిస్తే వెనకబడిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

హౌస్‌సర్జన్_వరంగల్
అక్కా, సబ్జెక్టువారీ కనీస మార్కులు ఉండేది ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో. మీ మరిది గారు ఆ రూలును దీనికి తగిలించినట్టున్నారు. నీట్‌లో అర్హత మొత్తం మార్కుల పర్సంటైల్ మీదే, అంటే రాసినవాళ్లలో ఎంత శాతం మందికంటే ముందున్నారన్న దాని మీదే ఉంటుంది. జనరల్‌కు 50, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40. 2025లో జనరల్ కటాఫ్ 144. ఆ 144 ఒక్క బయాలజీలోనే వచ్చినా అర్హులే. ఇక్కడ కాళోజీ యూనివర్సిటీ గానీ, అక్కడ విజయవాడలో ఎన్టీఆర్ యూనివర్సిటీ గానీ మెరిట్ లిస్టు వేసేది నీట్ ర్యాంకు చూసే. నన్నూ బయాలజీయే గట్టెక్కించింది. కాలేజీలో ఒక్క ప్రొఫెసర్ కూడా నీకు ఫిజిక్స్‌లో ఎన్ని వచ్చాయని అడగలేదు. పాపను టెన్షన్ పెట్టకండి.

ఫిజిక్స్_సార్_గుంటూరు
డాక్టర్ గారూ, అర్హత వేరు, సీటు వేరు. 144 మార్కులకు కన్వీనర్ కోటాలో ఎవరికి సీటిచ్చారో చెప్పండి. ఎంసెట్ రోజుల నుంచి బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి. నా దగ్గర చదివినవాళ్లు గుంటూరు నుంచి విశాఖ దాకా ప్రతి మెడికల్ కాలేజీలో ఉన్నారు, కాబట్టి తెలిసే మాట్లాడుతున్నాను. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకు నలభై చొప్పున. నెగెటివ్ మార్కుల్లేవు, పైగా ఇంటర్‌కు 25 శాతం వెయిటేజీ. ఫిజిక్స్ రానివాడు కూడా తోచిన ఆప్షన్ పెట్టి పదో పన్నెండో తెచ్చుకునేవాడు. నీట్‌లో ఆ పప్పులుడకవు.

అమ్మా, మీ పాప 20 మార్కులు ఎలా వచ్చి ఉంటాయో చూడండి. 8 ఒప్పు, 12 తప్పు అనుకుందాం. ఒప్పుకు నాలుగు చొప్పున వచ్చిన 32లోంచి, తప్పుకు ఒకటి చొప్పున 12 పోతే 20. అంటే 45లో ఇరవై ప్రశ్నలే ముట్టుకుంది, అందులోనూ సగానికి పైగా ఊహించి పెట్టింది. ఆ 12 పెట్టకుండా వదిలేసినా 32 ఉండేవి. ఇంకో పది ఒప్పులు కలిపితే 72. ఫార్ములా తెలిస్తే రెండు లైన్లలో తేలే లెక్కలు సెమీ కండక్టర్స్, యూనిట్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీలో దొరుకుతాయి. బయాలజీలో 290 నుంచి 342కు తీసుకెళ్లాలంటే పడే కష్టం మీ పాపకే తెలుసు. ఇటు ఫిజిక్స్‌లో అవే 52 మార్కులు చేతికందే ఎత్తులో ఉన్నాయి.

లాంగ్‌టర్మ్_తేజ
సార్, 2025 పేపర్ మే 4న హాల్లో కూర్చుని రాసినవాళ్లను అడగండి, చేతికందే ఎత్తు ఏదో చెబుతారు. అప్పటిదాకా 200 ప్రశ్నలిచ్చి, సెక్షన్ బీలో 15కు 10 ఎంచుకోమనేవాళ్లు, 200 నిమిషాల టైమిచ్చేవాళ్లు. 2025లో చాయిస్ తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. బయాలజీ, కెమిస్ట్రీ ముగించి ఓఎంఆర్‌లో దిద్ది, ఫిజిక్స్ తెరిచేసరికి నలభై నిమిషాలు మిగిలాయి. మొదటి పేజీలో ఒక్క లెక్కా రెండు లైన్లలో తేలలేదు. రఫ్ వర్క్ చోటంతా నిండిపోయింది, ఆన్సర్ మాత్రం నాలుగు ఆప్షన్లలో లేదు. నా వెనక అమ్మాయి ఏడుస్తుంటే ఇన్విజిలేటర్ నీళ్లు తెచ్చిచ్చారు. ఆ ఏడు దేశం మొత్తం మీద టాప్ మార్కు 686. ముందు సంవత్సరం 720 తెచ్చుకున్నవాళ్లే 17 మంది. మమ్మల్ని కష్టపడలేదని ఎవరూ అనొద్దు.

ఫిజిక్స్_సార్_గుంటూరు
తమ్ముడూ, కష్టపడలేదని నేనెక్కడ అన్నాను? పేపర్ కష్టంగా వస్తే అందరికీ కష్టమే. జనరల్ కటాఫ్ 162 నుంచి 144కు దిగింది అందుకే. అలాంటి ఏడాదిలో ఫిజిక్స్‌లో 60 తెచ్చుకున్నవాడు ఎన్ని వేల మందిని దాటేస్తాడో ఆలోచించు.

నెల్లూరు_నాన్న
మార్కులు సమానమైతే ఫిజిక్స్ ఎక్కువున్నవాళ్లకే ముందు ర్యాంకు ఇస్తారు. గెజిట్‌లో వచ్చింది, నేను స్వయంగా చదివాను. కాబట్టి ఫిజిక్స్ తక్కువుంటే రెండు దెబ్బలు. ఒకటి టోటల్‌లో, రెండు టై బ్రేక్‌లో.

హౌస్‌సర్జన్_వరంగల్
తప్పండీ. ముందు బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఆఖర్న ఫిజిక్స్ చూస్తారు. ఆ లెక్కన ఈ పాపలాంటి వాళ్లకు లాభమే. ఇంకొకరికి అదే 380 వచ్చి బయాలజీ 240 ఉంటే, పాపే పైన ఉంటుంది.

నెల్లూరు_నాన్న
నేను చదివింది అబద్ధమా? నేషనల్ మెడికల్ కమిషన్ 2023 జూన్‌లో ఇచ్చిన రెగ్యులేషన్ తీసి చూడండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, అప్పటికీ తేలకపోతే కంప్యూటర్ లాటరీ అని నల్లక్షరాల్లో ఉంది. డాక్టరు చదివినంత మాత్రాన అన్నీ తెలిసినట్టు మాట్లాడొద్దు. ఆ మాట నమ్మి మా అబ్బాయి చేత ఏడాదంతా ఫిజిక్స్ మీదే కసరత్తు చేయించాను.

హౌస్‌సర్జన్_వరంగల్
చదువు సంగతి ఎందుకండీ ఇక్కడ? పరీక్ష పెట్టే ఎన్‌టీఏ బులెటిన్ ఏం చెబుతుందో అదే ర్యాంకు.

మాజీ_క్లర్క్_కాకినాడ
ఇద్దరూ కాస్త ఆగండి. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది. 2023 రెగ్యులేషన్‌లో ఫిజిక్స్ ముందు అని రాసిన మాట వాస్తవం. పేపర్లలోనూ వచ్చింది. అయితే ఆ తర్వాత 2024కు, 2025కు ఎన్‌టీఏ ఇచ్చిన బులెటిన్లలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వరసే ఉంది. మూడూ సమానమైతే తప్పు సమాధానాల నిష్పత్తి తక్కువున్నవాళ్లు ముందు. ర్యాంకు వేసింది బులెటిన్ ప్రకారమే. ఏ ఏడు రాస్తుంటే ఆ ఏటి బులెటిన్ డౌన్‌లోడ్ చేసి ఆ ఒక్క పేరా చదవండి. తప్పుల నిష్పత్తి గురించి ఎవరూ మాట్లాడట్లేదు గానీ, ఫిజిక్స్‌లో గుడ్డిగా పెట్టిన 12 తప్పులు అక్కడ కూడా అడ్డం వస్తాయి.

రాజమండ్రి_లక్ష్మి
వయసు కూడా చూస్తారు కదా? 2020లో ఒడిశా అబ్బాయికీ, ఢిల్లీలో చదివిన అమ్మాయికీ ఇద్దరికీ 720 వస్తే, అమ్మాయి చిన్నదని రెండో ర్యాంకు ఇచ్చారు. ఆ అన్యాయం ఇప్పటికీ మర్చిపోలేను. 720కి 720 తెచ్చుకున్న పిల్లకు రెండో ర్యాంకేంటి?

మాజీ_క్లర్క్_కాకినాడ
ఆ రూలు తీసేశారమ్మా. 2024లో ఫుల్ మార్కులు వచ్చినవాళ్లందరికీ ఒకటో ర్యాంకే ఇచ్చారు.

తెలుగుమీడియం_పాలమూరు
టై బ్రేక్ గొడవ మీకు. మా గొడవ వేరే. నేను ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదివాను. నీట్ తెలుగులో రాస్తే ప్రశ్నపత్రంలో తెలుగు, ఇంగ్లిషు రెండూ ఇస్తారు, తేడా వస్తే ఇంగ్లిషుదే చెల్లుతుంది. బయాలజీలో పేర్లు అవే కాబట్టి నెట్టుకొచ్చాను. ఫిజిక్స్‌లో నాలుగు లైన్ల ప్రశ్నను తెలుగులో చదివి, అనుమానమొచ్చి మళ్లీ ఇంగ్లిషులో చదివేసరికి లెక్క చేయడానికి టైముండదు. మా మార్కులు ఇలా ఎగుడుదిగుడుగా ఉండటానికి తెలివి తక్కువై కాదు. కోచింగ్‌లో సార్లు ఇంగ్లిషులోనే చెప్పుకుపోయేవాళ్లు, ఆపి అడిగితే బ్యాచ్ మార్చుకోమనేవాళ్లు.

ఫిజిక్స్_సార్_గుంటూరు
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. పుస్తకాల తేడా కూడా ఉంది. 2024లో పరమాణువు మీద వచ్చిన ఒక్క ప్రశ్న గుర్తుందా? పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినవాళ్లు ఒక ఆప్షన్, కొత్తది చదివినవాళ్లు ఇంకోటి పెట్టారు. ఎన్‌టీఏ రెంటికీ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల చేత చూపించి, జూలై 23న ఒక్కటే సరైనదని తేల్చింది. నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు ఐదేసి మార్కులు కోత పడ్డాయి, 61 మంది ఫస్ట్ ర్యాంకర్లు 17కు తగ్గారు. ఒక్క ఫిజిక్స్ బిట్! అందుకే ఆ సబ్జెక్టును తేలిగ్గా వదిలేయమనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

డాలస్_నాన్న
మీరు అదృష్టవంతులండీ, టోటల్ ఒక్కటే చూస్తారు. అమెరికాలో ఎంక్యాట్ రాయాలి. నాలుగు సెక్షన్లు, ఒక్కోదానికి గరిష్ఠంగా 132, మొత్తం 528. మా అమ్మాయికి మూడు సెక్షన్లలో 131, 130, 130 వచ్చాయి. చదివి అర్థం చేసుకునే ప్యాసేజీల సెక్షన్, కార్స్ అంటారు, అందులో 124. మొత్తం 515. ఆ టోటల్ చూసి మేం సంబరపడ్డాం. కాలేజీలు మాత్రం సెక్షన్లు విడివిడిగా చూస్తాయి, కొన్ని ఒక్కో సెక్షన్‌కు కనీస స్కోరు కూడా పెడతాయి. కెనడాలో మెక్‌మాస్టర్ అయితే ఎంక్యాట్‌లో కార్స్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటుంది. రోగి చెప్పేది విని అర్థం చేసుకోగలదా అన్నది ఆ స్కోరును బట్టి అంచనా వేస్తారట. ఆరో తరగతి నుంచీ వాలంటీరుగా వృద్ధాశ్రమానికి వెళ్లి ముసలివాళ్లతో గంటలు గంటలు మాట్లాడే పిల్ల గురించి ఒక్క అంకె చూసి ఎలా చెబుతారు?

లాంగ్‌టర్మ్_తేజ
అంకుల్, మీ పాపకు ఇంటర్వ్యూ ఉంటుంది, వ్యాసం రాసి తన గురించి చెప్పుకోవచ్చు. మాకు అదీ లేదు. మూడు గంటల్లో ఏం దిద్దామో అంతే మా జీవితం. అదృష్టవంతులు అనొద్దు దయచేసి.

డాలస్_నాన్న
బాబూ, నొప్పించి ఉంటే ఏమీ అనుకోకు. సెక్షన్ తేడా ఎక్కడ దెబ్బ తీస్తుందో ఎక్కడ తీయదో చెప్పాలనే రాశాను.

హౌస్‌సర్జన్_వరంగల్
ఫిజిక్స్ సార్‌తో ఒక్క విషయంలో ఏకీభవిస్తా. సీటొచ్చాక కూడా అది పూర్తిగా వదలదు. ఫిజియాలజీలో రక్త ప్రవాహం చెప్పేటప్పుడు పాయిజెల్ సూత్రం వస్తుంది. రక్తనాళం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. గుండె రక్తనాళం కొద్దిగా పూడినా ఎందుకంత ప్రమాదమో అది అర్థమైతేనే తెలుస్తుంది. కానీ అది తీరిగ్గా నేర్చుకునే ఫిజిక్స్. నిమిషానికో ప్రశ్న చొప్పున గుండ్రం దిద్దేది కాదు.

కరీంనగర్_అమ్మ
అందరికీ ధన్యవాదాలు. కటాఫ్ భయం తీరింది. తెలియని బిట్లు వదిలేయమని, సార్ చెప్పిన చాప్టర్లు ముందు చూడమని పాపకు ఫోన్‌లో చెప్పాను. హాస్టల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిద్దిపేట_శ్రావణి
నాదో ప్రశ్న. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ తప్పి సప్లిమెంటరీ రాస్తున్నాడు. నీట్‌లో మంచి మార్కులొచ్చాయి. సీటు పోతుందా?

మాజీ_క్లర్క్_కాకినాడ
సబ్జెక్టువారీగా చూసేది సరిగ్గా ఇక్కడేనమ్మా. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిషు విడివిడిగా పాసవ్వాలి.  సప్లిమెంటరీలో పాసైనా పాసే. కొత్త మెమో వచ్చిన వెంటనే స్కాన్ చేసి పెట్టుకోండి, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు అదే అప్‌లోడ్ చేయాలి. పాత మెమో పెట్టొద్దు.