అప్‌డేట్: క్వారీ ఎక్స్‌కవేటర్‌కి హైడ్రోజన్ ఇంజనా, ఫ్యూయల్ సెల్లా? తేలింది

రెండు నెలల కిందట అడిగాను: చీమకుర్తి గ్రానైట్ క్వారీలో తిరిగే 20 టన్నుల ఎక్స్‌కవేటర్ మీద నా ఎంటెక్ ప్రాజెక్టుకి హైడ్రోజన్‌ని మండించి నడిచే ఇంజన్ తీసుకోవాలా, హైడ్రోజన్‌తో కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్ తీసుకోవాలా అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఇంజనే తీసుకున్నాను, రివ్యూ కూడా అయిపోయింది.

నన్ను గట్టెక్కించింది "ముందు వేడి లెక్క చూడు" అన్న సలహా. ఇంజన్ వేడిలో పెద్ద భాగం పొగగొట్టంలోంచే పోతుంది. ఫ్యూయల్ సెల్ సుమారు 80 డిగ్రీల దగ్గర నడుస్తుంది, వేడి దాదాపు అంతా రేడియేటరే మోయాలి. బయట 45 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే, అంత పెద్ద రేడియేటర్ మెషీన్‌లో పట్టలేదు. పైగా ఫ్యూయల్ సెల్‌కి చాలా శుభ్రమైన గాలి కావాలి; క్వారీలో దుమ్ము ఎంత సమస్యో మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ విప్పి చూపించాక అర్థమైంది. జేసీబీ కూడా 2020లో ఫ్యూయల్ సెల్ ఎక్స్‌కవేటర్ చూపించి, తర్వాత ఇంజన్ వైపే వెళ్లింది.

నేను టెన్షన్ పడ్డ ట్యాంకు భద్రతకీ ఈ ఎంపికకీ సంబంధమే లేదు. నా డిజైన్లో రెండింటికీ అదే 350 బార్ ఒత్తిడి హైడ్రోజన్ ట్యాంకు. కాకపోతే ఇంజన్ హైడ్రోజన్ ఎక్కువ తాగుతుంది, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు అనే కాలుష్య వాయువులు కూడా కొంత వస్తాయి.

గోడౌన్ ఫోర్క్‌లిఫ్ట్ కోసం వెతుకుతున్నవాళ్లు మాత్రం ఈ జవాబు పట్టుకోకండి. నాలుగు గోడల మధ్య పొగ రాని ఫ్యూయల్ సెల్లే నయం.