వేరే శాఖలో డిగ్రీ చేసినవారు స్పానిష్‌లో ఎం.ఎ., పీహెచ్‌డీలకు దరఖాస్తు చేయవచ్చునా?

ప్రశ్న

నమస్కారం. నేను వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ చేశాను. చదువుకునే రోజుల్లో సరదాగా మొదలుపెట్టిన స్పానిష్ క్రమంగా నా జీవనోపాధిగా మారింది. నాలుగేళ్లుగా ఒక సంస్థలో స్పానిష్ పత్రాలను ఇంగ్లీషులోకి అనువదించే పని చేస్తున్నాను. నిరుడు స్పానిష్ ప్రావీణ్యానికి పెట్టే డెలె పరీక్షలో సి1 అనే ఉన్నత స్థాయిలో ఉత్తీర్ణురాలినయ్యాను. ఇప్పుడు స్పానిష్‌నే ఒక శాస్త్రంగా చదవాలనీ, వీలైతే విశ్వవిద్యాలయంలో బోధించాలనీ గట్టిగా అనిపిస్తోంది. అమెరికాలోని విభాగాల వివరాలు చూస్తూ ఉంటే సందేహాలు తీరకపోగా పెరుగుతున్నాయి.

స్పానిష్‌లో డిగ్రీ లేనివారి దరఖాస్తును అసలు చదువుతారా? నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడం మంచిదా, ముందు ఎం.ఎ. చేయడం మంచిదా? సిఫార్సు లేఖలు ఇవ్వగలిగిన నా అధ్యాపకులకు స్పానిష్ రాదు, స్పానిష్ వచ్చిన పై అధికారులు అధ్యాపకులు కారు, ఎవరిని అడగాలి? ఎందుకు చదవాలనుకుంటున్నామో దరఖాస్తులో వివరించే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను ఇప్పటికి నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ అది చిన్ననాటి నుంచి నాకు భాషలంటే ఎంత మక్కువో చెప్పే వాక్యంతోనే మొదలవుతోంది. చదివిన స్నేహితురాలు బాగానే ఉందన్నది గాని, ఆమె ముఖం చూస్తే బాగున్నట్టు అనిపించలేదు.

మొదటి జవాబు

నేను అమెరికాలో ఒక స్పానిష్ విభాగంలో లాటిన్ అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా డిగ్రీ కూడా స్పానిష్‌లో కాదు కాబట్టి మీ మొదటి సందేహానికి అనుభవంతోనే జవాబు చెప్పగలను: చదువుతారు. అయితే డిగ్రీ లేకపోవడం కంటే పెద్ద లోటు మరొకటి ఉంటుంది, దాన్ని మీరు ప్రశ్నలో ప్రస్తావించనే లేదు. స్పానిష్‌లో డిగ్రీ చేసిన విద్యార్థి దగ్గర నాలుగేళ్లలో రాసిన సెమినార్ వ్యాసాలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని సరిదిద్దుకుని, దరఖాస్తుతో జతచేయవలసిన రచనా నమూనాగా, అంటే రైటింగ్ శాంపిల్‌గా పంపిస్తాడు. మీ దగ్గర అనువాదాలు ఉన్నాయి గాని, మీరే ఒక వాదాన్ని ఎత్తుకుని, ఆధారాలు చూపి, ఇతర పరిశోధకులతో ఏకీభవిస్తూనో విభేదిస్తూనో పదిహేను ఇరవై పేజీలు స్పానిష్‌లో రాసిన వ్యాసం బహుశా లేదు.

దరఖాస్తులో అన్నిటికంటే జాగ్రత్తగా చదివేది ఆ వ్యాసాన్నే అని నా నమ్మకం. సి1 ధ్రువపత్రానికి గడువు తీరదు, అది మీకు ఎప్పటికీ పనికివస్తుంది. కాని మీకు భాష వచ్చునని మాత్రమే అది చెబుతుంది. ఆ భాషలో ఆలోచించి ఒక విషయాన్ని నిలబెట్టగలరా లేదా అన్నది వ్యాసమే చెప్పాలి. అందుచేత స్టేట్‌మెంట్‌ను అయిదోసారి రాయడం మాని, ముందు వ్యాసం మొదలుపెట్టండి. వ్యాసం రాస్తూ ఉండగా మీకు నిజంగా ఏ ప్రశ్న మీద ఆసక్తి ఉందో బయటపడుతుంది, స్టేట్‌మెంట్ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. భాషలంటే మక్కువ లేనివాళ్లు స్పానిష్ విభాగానికి దరఖాస్తు చేయరు గనుక, ఆ మొదటి వాక్యం మీ గురించి దరఖాస్తులు చదివే కమిటీకి కొత్తగా ఏమీ చెప్పదు. మీ స్నేహితురాలి ముఖకవళికలను నేను నమ్ముతాను.

ఎం.ఎ.నా, పీహెచ్‌డీనా అన్న విషయంలో ఇక్కడి లెక్క కొంచెం వేరు. చాలా మానవీయ శాస్త్రాలలో ఎం.ఎ. విద్యార్థులు సొంత డబ్బుతో చదువుకోవలసి వస్తుంది. స్పానిష్ విభాగాలలో మాత్రం డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు భాష నేర్పే తరగతులు అనేకం ఉంటాయి, వాటిని బోధించేది ఎక్కువగా ఎం.ఎ., పీహెచ్‌డీ విద్యార్థులే. ఆ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ వల్ల ఫీజు మినహాయింపు, నెలకు కొంత భృతి దొరికే ఎం.ఎ. కోర్సులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. మీవంటివారికి అలాంటి రెండేళ్ల ఎం.ఎ. సరైన మెట్టు అని నా అభిప్రాయం. వ్యాసాలు తయారవుతాయి, లేఖలు ఇవ్వగల ఆచార్యులు దొరుకుతారు, బోధన మీకు నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది. బోధన అనుభవం ఏమైనా ఉంటే, అది సాయంకాలపు ట్యూషన్ అయినా సరే, దరఖాస్తులో తప్పక రాయండి.

లేఖల సంగతి: మూడింటిలో ఒకటి మీ ఆలోచనాశక్తిని ఎరిగిన వాణిజ్యశాస్త్ర ఆచార్యులది, ఒకటి మీ స్పానిష్‌ను రోజూ చూస్తున్న పై అధికారిది అయితే తప్పు లేదు. మూడోది మీకు స్పానిష్ నేర్పిన గురువుది అయి, వీలైతే స్పానిష్‌లోనే ఉంటే బాగుంటుంది.

రెండవ జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే అది సాహిత్య విద్యార్థి ఇచ్చిన సలహా. స్పానిష్ విభాగం అనగానే స్పెయిన్ సాహిత్యం, లాటిన్ అమెరికా సాహిత్యం అనే రెండే గుర్తుకు వస్తాయి గాని, స్పానిష్ భాష నిర్మాణాన్ని, వాడుకను పరిశీలించే హిస్పానిక్ భాషాశాస్త్రం అనే మూడో శాఖ ఉంది, మీవంటివారికి అది మరింత దగ్గరగా ఉండవచ్చు. నేను ఆ శాఖలో పనిచేశాను కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా పరవాలేదు.

నాలుగేళ్లుగా అనువాదం చేస్తున్నారు గనుక మీరు ఈ విషయాన్ని గమనించే ఉంటారు. స్పానిష్‌లో 'పుస్తకం వెతుకుతున్నాను' అనడానికి 'బుస్కో ఉన్ లిబ్రో' అంటే చాలు. 'మా తమ్ముణ్ణి వెతుకుతున్నాను' అనాలంటే మాత్రం 'బుస్కో ఆ మి ఎర్మానో' అని మధ్యలో ఒక 'ఆ' చేర్చాలి. మనుషులను సూచించే కర్మపదానికి ఈ గుర్తు కావాలి, వస్తువులకు సాధారణంగా అక్కరలేదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఈ నియమం పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. మనం మాత్రం పుట్టినప్పటి నుంచి 'పుస్తకం' అని వదిలేస్తూ 'తమ్ముణ్ణి' అని విభక్తి చేరుస్తూనే ఉన్నాం. అంతటితో ఆగదు. ఎవరో ఒక వైద్యుడు దొరికితే చాలుననుకున్నప్పుడు 'బుస్కో ఉన్ మెదికో' అంటారు. ఫలానా వైద్యుడి కోసం వెతుకుతుంటే 'బుస్కో ఆ ఉన్ మెదికో' అంటారు. తెలుగులో 'ను, ని' విభక్తి సరిగ్గా ఇదే తేడాను చూపుతుందా, కొంత వేరుగా ప్రవర్తిస్తుందా అన్నది కూర్చుని ఆలోచించదగిన ప్రశ్న. భాషాశాస్త్రంలో దీన్ని డిఫరెన్షియల్ ఆబ్జెక్ట్ మార్కింగ్ అంటారు, దీని మీద స్పానిష్‌లోనే పెద్ద పరిశోధన సంపద ఉంది.

అలాగే 'మే గుస్తా' అన్నప్పుడు ఇష్టపడే మనిషి కర్త కాడు, 'నాకు నచ్చుతుంది' అన్నట్టుగా 'కు' విభక్తిలో ఉంటాడు. 'నాకు తల నొప్పిగా ఉంది' అనే 'మే దుయేలే లా కబేసా' కూడా అంతే. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకున్న మనం దీన్ని తలకిందుల వాక్యం అని పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాం, మన భాషలో అదే నిటారు వాక్యం. తెలుగు మాతృభాషగా ఉన్నవారు స్పానిష్ నేర్చుకునేటప్పుడు ఈ రెండు చోట్లా ఎలాంటి పొరపాట్లు చేస్తారు, ఎక్కడ చేయరు అన్న అంశం మీద పదిహేను పేజీలు రాశారనుకోండి, ఆ వ్యాసం కమిటీ ముందున్న మిగతా దరఖాస్తులలో ఉండే అవకాశం దాదాపు లేదు. వాణిజ్యశాస్త్రం చదివారు కాబట్టి అంకెలతో పని చేయడం మీకు అలవాటే, ఇక్కడ అది కూడా కలిసివస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. ప్రశ్న ఎంత బాగున్నా, దాన్ని మార్గదర్శనం చేయగలవారు ఆ విభాగంలో లేకపోతే ప్రవేశం కష్టం. వాక్యనిర్మాణం మీద గాని, రెండో భాష అభ్యాసం మీద గాని పనిచేసేవారు ఇద్దరైనా ఉన్న విభాగాలనే ఎంచుకోండి. ఒక్కరే ఉంటే ఆయన సెలవు మీద వెళ్లినా, పదవీ విరమణ చేసినా మీరు ఒంటరి అవుతారు. వారి ఇటీవలి వ్యాసాలు రెండు చదివి, ఆ తరువాతే ఉత్తరం రాయండి. 'మీరు విద్యార్థులను తీసుకుంటున్నారా' అని మాత్రమే అడిగే ఉత్తరాలకు జవాబులు అరుదు.

మూడవ జవాబు

ఇద్దరూ అమెరికా గురించే చెప్పారు కాబట్టి స్పెయిన్ సంగతి నేను చెబుతాను. అక్కడ మాస్టర్స్ సాధారణంగా 60 క్రెడిట్లతో ఒకే ఏడాదిలో పూర్తవుతుంది, చివర అందరూ 'తే ఎఫే ఎమే' అని పిలుచుకునే పరిశోధన వ్యాసం రాయాలి. మీకు కావలసిన రైటింగ్ శాంపిల్ అదే అవుతుంది. డాక్టరేట్‌కు వెళ్లడానికి మామూలు దారిలో డిగ్రీ, మాస్టర్స్ కలిపి 300 క్రెడిట్లు ఉండాలి, వాటిలో కనీసం 60 మాస్టర్స్ స్థాయివి కావాలి. పూర్తికాల డాక్టరేట్ గడువు ఇదివరకు మూడేళ్లు, 2023 నాటి సవరణతో అది నాలుగేళ్లయింది.

కొత్తవారు పొరపాటు పడే చోటు ఒకటుంది. కోర్సు పేరులో 'మాస్తెర్ ఉనివెర్సితారియో' అని ఉంటే అది అధికారిక పట్టా, డాక్టరేట్‌కు దారి తీస్తుంది. 'మాస్తెర్ దే ఫొర్మాసియోన్ పెర్మనెంతే' అని ఉంటే ఆ దారి ఉండదు. రెండూ ఒకే విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. ఫీజు కట్టిన తరువాత ఈ తేడా తెలుసుకున్నవారిని నేను ఎరుగుదును.

స్పెయిన్‌లో అమెరికా తరహా అసిస్టెంట్‌షిప్‌లను మాస్టర్స్ స్థాయిలో ఆశించకూడదు. అలాగని అమెరికాలో అంతా సవ్యంగా ఉందని కూడా అనుకోవద్దు. అక్కడి కళాశాలల్లో ఇంగ్లీషేతర భాషల తరగతుల్లో చేరేవారి సంఖ్య 2016, 2021 మధ్య 16.6 శాతం తగ్గింది. స్పానిష్ ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువమంది నేర్చుకునే భాషే అయినా ఆ తగ్గుదల దాన్ని కూడా తాకింది. భాషా తరగతులు తగ్గితే వాటిని బోధించే విద్యార్థుల సీట్లు తగ్గుతాయి, తరువాత ఆచార్యుల ఉద్యోగాలు కూడా తగ్గుతాయి. విశ్వవిద్యాలయంలో బోధించాలన్నది మీ కోరిక అన్నారు గనుక, పీహెచ్‌డీ ఇచ్చే విభాగాలను వారి పూర్వ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ, ఏ ఉద్యోగాలలో ఉన్నారని సూటిగా అడగండి. జవాబు దాటవేసే విభాగానికి నేనైతే దరఖాస్తు చేయను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండవ జవాబు చదివాక నా అనువాదాల పాత ఫైళ్లు తిరగేశాను. 'ఆ' ఉన్నచోటా లేనిచోటా నేను ఇంగ్లీషులో ఒకే విధంగా రాసిన వాక్యాలు ఒక్క సాయంత్రంలో నలభైకి పైగా దొరికాయి. ఇన్నేళ్లూ వాటి మీదుగా నడిచి వెళ్లిపోయానన్నమాట. ఈ ఏడాదికి దరఖాస్తు ఆలోచన మానుకుని వ్యాసం రాస్తాను, వచ్చే ఏడాది అమెరికాలో ఫండింగ్ ఉన్న ఎం.ఎ.లకు, స్పెయిన్‌లో ఒకటి రెండు అధికారిక మాస్టర్స్‌కు పంపిస్తాను. ఒక్క చిన్న సందేహం: సంస్థ పత్రాలలోని వాక్యాలను వ్యాసంలో ఉదాహరణలుగా వాడవచ్చునా?

రెండవ జవాబు ఇచ్చినవారు

వాడకండి. అవి మీ సంస్థవి, వాటిలో ఇతరుల వ్యవహారాలు ఉంటాయి. స్పానిష్ రాయల్ అకాడమీ వారి క్రేయా, కోర్పేస్ అనే భాషాభాండాగారాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అలాంటి వాక్యాలే వాటిలో దేశాలవారీగా వెతుక్కోవచ్చు. వెతికేటప్పుడు అర్జెంటీనా ఉదాహరణలను విడిగా పెట్టుకోండి. అక్కడ 'హువాన్‌ను చూశాను' అనడానికి 'లో బీ ఆ హువాన్' అని 'లో' (అతణ్ణి) అనే సర్వనామాన్నీ పేరునూ కలిపి వాడడం మామూలు, స్పెయిన్ వాడుకతో కలిపేస్తే మీ లెక్కలు తప్పుతాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఒక్క మాట చేరుస్తాను. వచ్చే ఏడాది పంపించేటట్లయితే పీహెచ్‌డీల గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది, ఎం.ఎ.లకు కొన్నిచోట్ల మరికొంత వ్యవధి ఉంటుంది. ఫండింగ్‌తో ప్రవేశం వచ్చాక తొందరపెడుతున్నట్టు అనిపిస్తే, విద్యార్థి ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకోవచ్చునన్న తీర్మానానికి ఆ విశ్వవిద్యాలయం సంతకం చేసిందో లేదో చూడండి. వ్యాసం తొలి ప్రతి సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి, నేను చదువుతాను.